సిగరెట్, ఖైనీ మాన్పించే సర్వీసులు బెంగళూరులో ఎలా ఉన్నాయి: నేనూ మా మేస్త్రీ తిరిగిన మూడు చోట్లు

నేను సిగరెట్ మానేసి ఈ నెలతో పద్నాలుగు నెలలు. మా మేస్త్రీ ఖైనీ మానేసి ఐదు నెలలు దాటింది. ఇద్దరిదీ శ్రీకాకుళం జిల్లానే, నాది టెక్కలి దగ్గర, తనది మందస వైపు, ఇక్కడ సర్జాపూర్ రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో నేను సూపర్‌వైజర్‌ని, తను సెంట్రింగ్ మేస్త్రీ. మానడానికి మొత్తం మూడు చోట్లు చూశాం, ఒకటి డబ్బులు కట్టి, ఒకటి ఫోన్‌లో ఫ్రీగా, ఒకటి గవర్నమెంట్ హాస్పిటల్లో. మన తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, సైట్లలో, క్యాబుల్లో, ఐటీలో, పీజీల్లో, కానీ వీళ్ళలో ఎవర్ని అడిగినా ఇలాంటివి ఉన్నట్టే తెలీదంటున్నారు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందే చెప్పేస్తా, నేను వీటిని ఒక్క లెక్కతోనే చూశా. మానిన మొదటి వారం అందరూ బాగానే మాట్లాడతారు. మధ్యలో ఒకరోజు ఆగలేక ఒకటి వెలిగించేశామనుకోండి, ఆ మర్నాడు వాళ్ళు మనతో ఎలా మాట్లాడతారు అన్నదే నా లెక్క. ఏసీ ఉందా, కుర్చీలు బావున్నాయా, యాప్ ఎలా ఉంది, వీటికి నేను మార్కులు వెయ్యట్లేదు.

అసలిదంతా పన్ను పీకించుకోడానికి వెళ్తే మొదలైంది. డెంటిస్ట్ బుగ్గ లోపల అద్దం పెట్టి చూపించాడు, రూపాయి బిళ్ళలో సగమంత తెల్ల మచ్చ. ముక్క తీసి టెస్టుకి పంపారు, రిపోర్ట్ వచ్చేదాకా వారం రోజులు నాకు అన్నం సహించలేదు. క్యాన్సర్ కాదని వచ్చింది, కానీ ఇలాగే తాగితే ముందుముందు ఏమవుతుందో చెప్పలేం, మానేయండి అన్నాడాయన. అంతే. మానేయండి అన్నాడు, ఎలా మానాలో చెప్పలేదు. నేను పదిహేడేళ్ళుగా తాగుతున్నా, రోజుకి పన్నెండు పద్నాలుగు, స్లాబ్ రోజు అయితే ఇరవై. అంతకుముందు నాలుగుసార్లు నా అంతట నేనే మానాను, ఎక్కువలో ఎక్కువ తొమ్మిది రోజులు.

ఆ మాట వినగానే మా నాన్నమ్మ గుర్తొచ్చింది. నాన్నమ్మ అడ్డపొగ తాగేది. మా వైపు కానివాళ్ళకి చెప్పాలి, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. నాట్లేస్తున్నా ఆరిపోదు, సముద్రం గాలికి ఆరిపోదు, చంకలో పిల్లాడి మీద నిప్పు రాలదు, అందుకని మా వైపు పని చేసుకునే ఆడవాళ్ళకి ఎప్పట్నించో ఉన్న అలవాటు. ఆ వేడంతా అంగిలికి తగుల్తుంది. మా జిల్లాలో, విశాఖ వైపు అంగిలి క్యాన్సర్ ఎక్కువ కనిపించేది దీనివల్లేనని డాక్టర్లు ఏనాటినించో చెప్తూనే ఉన్నారు. నాన్నమ్మకి అంగిట్లో పుండు లేచింది, వేడి చేసిందనుకుని మజ్జిగ పోశారు, పసరు పూశారు, విశాఖ తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. 2001లో పోయింది. ఆవిణ్ణి మానమని తిట్టినవాళ్ళు మా ఇంట్లో పదిమంది, ఎలా మానాలో చెప్పినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. ఇరవై ఏళ్ళ పైన గడిచాక బెంగళూరులో ఏసీ క్లినిక్‌లో కూర్చుని నేను విన్నది కూడా ఆ తిట్టే, కాకపోతే కొంచెం మర్యాదగా.

సరే మొదటి చోటు. ఆఫీసులో ఒక కుర్రాడు చెప్తే కోరమంగళ దగ్గర ఒక ప్రైవేట్ సెంటర్‌కి వెళ్ళా, పేరు రాయను. ఎనిమిది వారాల ప్యాకేజీ, పద్దెనిమిది వేలు ముందే కట్టాలి. మాట్లాడిన అమ్మాయి మంచిదే, కానీ అంతా ఇంగ్లీషు, నాకు అర్థమవుతుంది కానీ నా లోపలి సంగతి ఇంగ్లీషులో చెప్పడం రాదు, ఎందుకు తాగుతున్నారు అంటే స్ట్రెస్ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవాణ్ణి. ఫోన్‌లో యాప్ పెట్టారు, రోజూ ఊపిరితిత్తుల బొమ్మ కొంచెం కొంచెం గులాబీ రంగులోకి మారేది. రెండు వారాలు నిజంగానే బాగా గడిచాయి. మూడో వారం స్లాబ్ పడింది. సాయంత్రానికి అయిపోవాల్సిన కాంక్రీటు, పంపు చెడిపోయి రాత్రి రెండింటిదాకా సాగింది, మిక్సర్ లారీలు లైన్లో ఉన్నాయి, మాలు గట్టిపడిపోతోంది, అందరూ నా మొహమే చూస్తున్నారు, పక్కన పంప్ ఆపరేటర్ ఒకటి చేతిలో పెట్టాడు. తాగేశా. మర్నాడు యాప్‌లో నిజాయితీగా నొక్కా. నొక్కగానే పదహారు రోజులూ పోయి సున్నా దగ్గరికి వచ్చేసింది, ఊపిరితిత్తులు మళ్ళీ నల్లగా అయిపోయాయి. ఫోన్ చేస్తే, మీరు కమిట్‌మెంట్ తప్పారు సార్, ప్రోగ్రామ్ మళ్ళీ మొదటినించి చెయ్యాలి, దానికి సగం ఫీజు మళ్ళీ కట్టాలి అన్నారు. ఆ సాయంత్రం నేను ప్యాకెట్ మొత్తం తాగాను. డబ్బు పోయినందుకు కాదు బాధ, పదహారు రోజులు ఆగినవాణ్ణి ఒక్కరోజూ ఆగనివాడి కింద లెక్కేసేశారు చూడండి, అదీ నన్ను కూలదోసింది. ఈ చోటుకి నేను ఒక్క స్టార్ కూడా ఇవ్వను.

ఆ ప్యాకెట్ వల్లే రెండో చోటు దొరికింది. నేను పదిహేడేళ్ళలో ప్యాకెట్ కొన్నది చాలా తక్కువ. ఇక్కడ ప్రతి సందు మొగలో కాండిమెంట్స్ అని బోర్డు ఉంటుంది కదా, అక్కడ టీతో పాటు ఒకటి విడిగా తీసుకోవడమే. కర్ణాటకలో విడి సిగరెట్ అమ్మకూడదని రూల్ ఉంది, అయినా ఎక్కడ అడిగినా ఇస్తారు. విడిగా కొనేవాడికి ప్యాకెట్ మీద బొమ్మ కనపడదు, బొమ్మ కింద నంబరూ కనపడదు. ఆరోజు ప్యాకెట్ చేతిలో ఉంది కాబట్టి చూశా, 1800-11-2356. 2018 సెప్టెంబర్ నించి మన దేశంలో అమ్మే ప్రతి పొగాకు ప్యాకెట్ మీదా, సిగరెట్ అవనీ బీడీ అవనీ ఖైనీ అవనీ, ఈ నంబర్ వెయ్యాలి. అన్నేళ్ళుగా నంబర్ అక్కడ ఉంది, నేను రోజూ పద్నాలుగు తాగుతూ కూడా దాన్ని చూళ్ళేదు.

నేషనల్ టొబాకో క్విట్‌లైన్ అంటారు. 2016లో ఢిల్లీలో వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలుపెట్టారు, 2018లో ముంబై, గువాహటి, బెంగళూరు కూడా కలిపారు, బెంగళూరులో మానసిక, నరాల జబ్బుల హాస్పిటల్ నిమ్హాన్స్‌లో పెట్టారు, దక్షిణాది భాషలన్నీ అక్కణ్ణించే. అంటే హోసూర్ రోడ్డు మీద రోజూ బస్సులో నేను దాటిపోయే గేటు లోపల తెలుగులో మాట్లాడే మనుషులు కూర్చుని ఉన్నారన్నమాట. మొదటిసారి చేసి, అవతల మనిషి గొంతు వినగానే భయమేసి నేనే పెట్టేశా. రెండోసారి మాట్లాడా. పూర్తిగా ఉచితం, టోల్ ఫ్రీ.

ఏం అడిగారో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే నాకు ఇక్కడే తేడా తెలిసింది. తిట్టలేదు, క్యాన్సర్ గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. పొద్దున్న లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు అని అడిగింది ఆవిడ. ఐదు నిమిషాల్లోపు అన్నా, బ్రష్ కంటే ముందు. రాత్రంతా నిద్రలో ఒంట్లో పొగాకు నికోటిన్ తగ్గిపోతుంది, రెండు గంటలకోసారి సగం అవుతూ వస్తుంది, అందుకే లేవగానే ఒళ్ళు అడుగుతుంది, అంత త్వరగా అడుగుతోందంటే మీది మనసు బలహీనత కాదండీ, ఒంటికి బాగా అలవాటైపోయిందని అర్థం అంది. ఇన్నేళ్ళలో ఇది బలహీనత కాదని నాతో అన్న మొదటి మనిషి ఆవిడే. తర్వాత మానే రోజు పెట్టుకుందాం అంది, నేను వచ్చే గురువారం అన్నా. ఆ వారం మీ పని ఎలా ఉంది అని అడిగింది. శుక్రవారం స్లాబ్ ఉంది అన్నా. అయితే గురువారం వద్దు, స్లాబ్ అయ్యాక ఆదివారం పెట్టుకోండి, ఈలోపు లేవగానే తాగేదాన్ని ఒక గంట వెనక్కి జరపండి చాలు అంది. పద్దెనిమిది వేలు తీసుకున్నవాళ్ళు నన్ను నా పని ఏంటని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంకోటి, వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తారు. మానిన రోజు చేశారు, వారంలో మళ్ళీ చేశారు, నెలకి చేశారు, తర్వాత కూడా. మనం చెయ్యడం వేరు, వాళ్ళు చెయ్యడం వేరు. తాగినవాడు సిగ్గుతో ఫోన్ చెయ్యడు కదా, మంచిగా ఉన్నవాడే చేస్తాడు. అవతలవాళ్ళు చేస్తేనే తాగినవాడు కూడా దొరుకుతాడు.

నా మచ్చ సంగతి చెప్పాక, ఫోన్ ఒక్కటే చాలదు, నికోటిన్ ఉండే గమ్ కానీ మాత్రలు కానీ డాక్టర్ చూసి ఇవ్వాలి అని పొగాకు మాన్పించే ఏదైనా టొబాకో సెసేషన్ క్లినిక్‌కి వెళ్ళమన్నారు. అదీ మూడో చోటు. ఊళ్ళో ఒక పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్, పేరు చెప్పను, ఎందుకంటే మంచితో పాటు కష్టాలు కూడా రాయాలి. చీటీ లైన్ పొద్దున్న ఏడున్నరకే మొదలు, నాకు డాక్టర్ దొరికింది పదకొండున్నరకి. బోర్డులు కన్నడలో, ఇంగ్లీషులో. కానీ నా అదృష్టం, లోపల కూర్చున్న కుర్ర డాక్టర్‌ది కడప, ఏం అన్నా ఎన్నేళ్ళుగా అని మొదలుపెట్టాడు, అంతే, అరగంట కూర్చోబెట్టి మాట్లాడాడు, బయట అంతమంది ఉన్నా.

ఒక చిన్న మిషన్‌లో ఊదమన్నారు, ఊపిరి పదిహేను సెకన్లు బిగబట్టి మెల్లిగా వదలాలి. 22 వచ్చింది. అది కార్బన్ మోనాక్సైడ్, బండి సైలెన్సర్‌లోంచి వచ్చేదే, తాగనివాళ్ళకి ఐదారు దాటదు అన్నాడు. ఆదివారం మానేసి వారం తర్వాత వెళ్తే 3 వచ్చింది. నిజానికి ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుందట, కానీ ఆ అంకె చూసుకుంటే కలిగే ధైర్యం యాప్‌లో గులాబీ రంగు బొమ్మతో రాదు, ఎందుకంటే ఇది నా ఊపిరి.

గమ్ గురించి చెప్పాలి, చాలామంది ఇది వాడి పని చెయ్యలేదు అంటారు, నేనూ గతంలో అలాగే అన్నా. చూయింగ్ గమ్‌లా కచకచా నమిలేస్తే పని చెయ్యదు. మెల్లిగా నమలాలి, నాలిక మీద మిరియం ఘాటులా తగలగానే ఆపేసి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఉంచాలి, ఘాటు పోయాక మళ్ళీ నమలాలి, అలా అరగంట. మింగేసిన నికోటిన్ వల్ల ఎక్కిళ్ళు, కడుపులో మంటే తప్ప లాభం లేదు. ముఖ్యంగా కాఫీ, నిమ్మరసం, కూల్ డ్రింక్ తాగిన పావుగంటలోపు వేసుకోకూడదు, పులుపుకి నికోటిన్ బుగ్గలోంచి లోపలికి ఎక్కదు. బెంగళూరులో ఇది పెద్ద విషయం, మనం దర్శినిలో ఫిల్టర్ కాఫీ తాగి బయటికి రాగానే కదా సిగరెట్ మీదకి మనసు పోయేది, సరిగ్గా అప్పుడే గమ్ వేసుకుని, సరిగ్గా అప్పుడే అది పని చెయ్యక, దీని వల్ల కాదు అనుకుని వదిలేస్తాం. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు లేక నా నాలుగు ప్రయత్నాల్లో రెండు పోయాయి. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది, 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ రాయాలి, నాకు 4 రాశారు. ఎవరి సాయమూ లేకుండా మానేవాళ్ళలో ఏడాదికి నిలబడేవాళ్ళు నూటికి ముగ్గురో ఐదుగురో, గమ్, ఒంటికి అతికించే ప్యాచ్ లాంటివి వాడితే మానగలిగే అవకాశం దాదాపు సగం పెరుగుతుంది, మందుకి తోడు మాట్లాడే మనిషి ఉంటే ఇంకా పెరుగుతుంది అని ఆ డాక్టరే చెప్పాడు.

ఇక నా లెక్క సంగతి. మానిన రెండో నెల ఊళ్ళో పెళ్ళికి వెళ్ళా, రాత్రి పందిట్లో మా బావ వాళ్ళతో కూర్చుని మూడు తాగేశా. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొస్తూ ఆ దారంతా కోరమంగళ మాటలే చెవిలో తిరిగాయి, క్లినిక్‌కి వెళ్ళకూడదు అనుకున్నా. మా ఆవిడ పంపిస్తే వెళ్ళా. డాక్టర్ కాగితం తీసుకుని ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎవరితో, ఎన్ని అని రాసుకున్నాడు, రాసుకుని, మరి నాలుగోది ఎందుకు తాగలేదన్నా అని అడిగాడు. నాకు మాట రాలేదు. ఆలోచించి చెప్పా, ప్యాకెట్ బావ జేబులో ఉంది, బావ పడుకున్నాడు, లేపాలంటే మొహమాటమేసింది అని. అయితే దగ్గర లేకపోతే మీరు ఆగగలరన్నమాట, అది రాసుకోండి, జేబులోకి ప్యాకెట్ రానివ్వకండి, అడిగి తీసుకోవాల్సి వస్తే మీరు అడగరు అన్నాడు. నేను తప్పు అనుకున్నదాంట్లోంచి నాకే పనికొచ్చే మాట తీసి చేతిలో పెట్టాడు. ఇవాళ్టికీ నేను దాని మీదే నడుస్తున్నా. ఐదుకి ఐదు ఈ ఒక్కదానికే ఇచ్చేయొచ్చు.

ఇప్పుడు మేస్త్రీ సంగతి, అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది తన కోసమే. వయసు నలభై ఐదు ఉంటుంది, ఖైనీ ఇరవై రెండేళ్ళుగా. అరచేతిలో సున్నంతో నలిపి కింది పెదవి వెనకాల పెట్టుకోవడం, రోజుకి మూడు ప్యాకెట్లు. ఇది నోట్లో లేకపోతే పని సాగదు బాబూ, ఆకలి కూడా తెలీకుండా ఉంటాది, ఎలా ఒగ్గేయమంటారు అనేవాడు. నేను మానడం చూసి ఒకరోజు తనే, నన్ను కూడా తీసుకెళ్ళండి బాబూ అన్నాడు. ఆ వెళ్ళిన రోజు కూలీ పోయింది తనకి. అక్కడ ఫారంలో మొదటి ప్రశ్న రోజుకి ఎన్ని సిగరెట్లు అని. మిషన్‌లో ఊదిస్తే 2 వచ్చింది. పొగ లేనిదాంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉండదు కదా మరి, ఆ అంకె చూసి వీడు నర్సుతో, చూడండమ్మా నాకేటీ లేదు అని లేచిపోబోయాడు. డాక్టర్ కూర్చోబెట్టి నోరు తెరిపించి అద్దంలో పెదవి వెనకాల చూపించాడు, సున్నం తిని తెల్లగా ముడతలు పడిపోయిన చోటు.

2016-17లో దేశమంతా గాట్స్ అని సర్వే చేశారు, అందులో పొగ తాగేవాళ్ళు పెద్దవాళ్ళలో 10.7 శాతమైతే, నమిలేవాళ్ళు, పెదవి కింద పెట్టుకునేవాళ్ళు 21.4 శాతం, సరిగ్గా రెట్టింపు. మొత్తం ఏదో ఒక రకంగా పొగాకు వాడేవాళ్ళు 26 కోట్ల పైన. అంతమంది ఖైనీ, గుట్కా, జర్దా వాళ్ళున్న దేశంలో క్లినిక్ పెట్టి సిగరెట్టు వాడి మిషన్, సిగరెట్టు వాడి ఫారం ముందు పెడితే ఎలా? డబ్బున్న దేశాల్లో వాళ్ళ అవసరానికి చేసుకున్నవి అవి, తప్పు కాదు, కానీ మన దగ్గర పెట్టేటప్పుడు మన మేస్త్రీ నోరు చూసి పెట్టాలి. హాస్పిటల్ వాళ్ళు ఇది చదివితే ఒక్కటే అడుగుతున్నా, ఫారంలో మొదటి ప్రశ్న మార్చండి. మీరేం వాడతారు అని అడగండి.

ఖర్చు కూడా అంతే. గమ్ ముక్క ఒక్కోటి పది రూపాయల చుట్టుపక్కల, రోజుకి ఎనిమిది పది కావాలి, అంటే వంద. ఖైనీ ప్యాకెట్ పది, తనకి రోజుకి మూడు, అంటే ముప్పై. విషం ముప్పైకి, విరుగుడు వందకి. 2022లో మన అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఈ గమ్, ప్యాచ్ లాంటి నికోటిన్ రీప్లేస్‌మెంట్‌ని చేర్చారు, మేం వెళ్ళిన చోట రాసిచ్చారు కానీ అక్కడి ఫార్మసీలో లేదు, బయట కొనుక్కోమన్నారు, రెండుసార్లు అలాగే అయింది. నేను కొనుక్కోగలను, తనకి మొదటి నెల నేనే కొనిచ్చా. 2024లో డబ్ల్యూహెచ్‌ఓ పొగాకు మాన్పించే వైద్యం మీద మొట్టమొదటిసారి గైడ్‌లైన్ ఇచ్చింది, అందులో గమ్, ప్యాచ్‌లతో పాటు వరెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్ అనే మందులు కూడా ఉన్నాయి. సైటిసిన్ అన్నది ఒక చెట్టు గింజల్లోంచి తీసే మందు, బల్గేరియాలో 1964 నించీ మానడానికి వాడుతున్నారు, మిగతావాటితో పోలిస్తే చవక. అలాంటి చవకది ఊరూరా ప్రైమరీ హెల్త్ సెంటర్లో ఉచితంగా ఇచ్చే రోజు రావాలి అని నేను గట్టిగా కోరుకుంటున్నా, ఎందుకంటే మా మందస నించి పెద్ద హాస్పిటల్‌కి వెళ్ళాలంటే ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ రెండూ పోతాయి.

గమ్ బుగ్గన పెట్టడం మాత్రం తనకి క్షణంలో అర్థమైపోయింది, ఖైనీ పెట్టినట్టేనా బాబూ అన్నాడు. నాకు రెండు వారాలు పట్టింది అది.

కానీ మేస్త్రీని నిజంగా నిలబెట్టింది ఫోనే. మధ్యాహ్నం అన్నాల టైంలో షెడ్డు కింద నా ఫోన్‌లో స్పీకర్ పెట్టి మాట్లాడేవాడు, కూలీ పోదు, బస్సు లేదు, చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. మొదట్లో అన్నిటికీ ఆఁ ఆఁ అనేవాడు. ఒకసారి ఆవిడ, ఏ టైంలో ఎక్కువ కావాలనిపిస్తుంది అని అడిగితే, పైకెక్కేముందు అన్నాడు. నాకే తెలీదు ఆ సంగతి. పదో అంతస్తు అంచున నిలబడి పలకలు కొట్టేముందు భయానికి వేసుకుంటాడట, ఇరవై రెండేళ్ళుగా. మనిషికి భయం ఉందని అడిగినవాళ్ళు లేరు, తను చెప్పిందీ లేదు. ఆ రోజు నించి సేఫ్టీ బెల్ట్ తాడు తగిలించే పని నేనే దగ్గరుండి చూస్తున్నా, మానడానికి సాయం అంటే ఇది కూడానని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఖైనీ బదులు వక్కపొడి వేసుకుంటా అన్నాడు ఒకసారి, వద్దే వద్దు అంది ఆవిడ, వక్క కూడా నోటి క్యాన్సర్ తెచ్చేదే, లవంగం, సోంపు, వేయించిన శనగలు పెట్టుకోండి అంది. ఇప్పుడు మా సైట్‌లో సగం మంది జేబుల్లో శనగలే.

తను కూడా రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ అటు నించి ఫోన్ వస్తే ఎత్తనన్నాడు, నేనే ఎత్తి చేతికిచ్చా. ఒకసారి నెల జీతాల రోజు, ఇంకోసారి ఊళ్ళో వాళ్ళమ్మకి బాలేదని కబురొచ్చినప్పుడు. అమ్మకి ఎలా ఉంది ఇప్పుడు అని అడిగింది ఆవిడ మొదట, ఖైనీ మాట తర్వాత.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. 2002లో డబ్ల్యూహెచ్‌ఓ, మన ఆరోగ్య శాఖ కలిసి దేశంలో మొట్టమొదటిసారి 13 టొబాకో సెసేషన్ క్లినిక్‌లు పెట్టారు. బెంగళూరు నిమ్హాన్స్ వాటిలో ఒకటి, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. నాన్నమ్మ పోయిన మరుసటేడు. ఆ పదమూడులో తెలుగునేల మీద ఒక్కటీ లేదు, దేశంలో పొగాకు ఎక్కువ పండించే రాష్ట్రాల్లో మనది ఒకటి, టొబాకో బోర్డు ఆఫీసు గుంటూర్లోనే ఉంది. తర్వాత జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లాల్లో కూడా పెడుతూ వచ్చారు. మానాలనుకున్నవాళ్ళకి సాయం చెయ్యడం ప్రభుత్వాల పని అని అంతర్జాతీయ పొగాకు ఒప్పందంలో 14వ ఆర్టికల్ ఉంది, మన దేశం 2004లోనే దాన్ని ఆమోదించింది. ఆ గాట్స్ సర్వేలోనే పొగ తాగేవాళ్ళలో 55 శాతం మంది మానాలనుకుంటున్నాం, ఆలోచిస్తున్నాం అన్నారు. అంటే అడిగేవాళ్ళు సగం మంది పైనే ఉన్నారు, ఇచ్చే చోటు ఉంది, మధ్యలో దారి చూపించేవాళ్ళు లేరు. నా డెంటిస్ట్ ఆ రోజు మానేయండి అన్నాక ఆ పది అంకెల నంబర్ చీటీ వెనకాల రాసిచ్చి ఉంటే నాకు పద్దెనిమిది వేలూ, నాలుగు నెలలూ మిగిలేవి. పోయిన నెల మళ్ళీ మచ్చ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు ఆయనకి ఈ మాట చెప్పా, మంచి మనిషి, వెంటనే రిసెప్షన్ అద్దానికి నంబర్ ప్రింట్ తీసి అతికించాడు, తెలుగు, కన్నడ రెండిట్లో.

వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేవి రాసేస్తా. ముందు ఫోన్ చెయ్యండి, భాష అడిగినప్పుడు తెలుగు అనండి, మొహమాటపడి హిందీలోనో ఇంగ్లీషులోనో లాగించకండి, మాట సగమే బయటికి వస్తుంది. మీ పని వేళలు, నైట్ షిఫ్టులు, ఊరెళ్ళే తేదీలు ముందే చెప్పండి, దాన్ని బట్టే రోజు పెడతారు. గుండె జబ్బున్నవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు, ఫిట్స్ వచ్చేవాళ్ళు, నిద్రకో దిగులుకో మందులు వాడేవాళ్ళు షాపులో సొంతంగా ఏదీ కొనకండి, డాక్టర్‌కి చెప్పి తీసుకోండి. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం ఉంటాయి, నాకు మూడో రోజు మరీ కష్టంగా ఉండింది, మూడు నాలుగు వారాలకి తగ్గిపోయింది. గవర్నమెంట్ క్లినిక్‌కైతే ఏడింటికల్లా లైన్లో ఉండండి, టిఫిన్ చేసి వెళ్ళండి. తెలుగు వచ్చిన డాక్టర్ ఉన్నారా అని చీటీ దగ్గరే అడగండి, ఉంటే ఆ గదికే పంపుతారు. ఖైనీ వాళ్ళని తీసుకెళ్తే మిషన్ అంకె చూసి లేచిపోకుండా పక్కనే కూర్చోండి. పాత చీటీ పారేయకండి, మేం వెళ్ళిన చోట అది చూపిస్తే కొత్త లైన్లో నిలబడక్కర్లేదు, నేరుగా మూడో నంబర్ గదికి వెళ్ళిపోవచ్చు.